పాసంగం చూసిన తక్కెడ: ఆప్‌ఆంప్ తొలి పాఠం

పిల్లలూ! "పాసంగం" అనే మాట మీలో చాలామంది విని ఉండరు. మీ అమ్మమ్మనో తాతయ్యనో అడిగి చూడండి. తక్కెడలో ఇంకా ఏమీ వేయకముందే ఒక పళ్ళెం కొంచెం కిందికి వాలి ఉంటే, ఆ తేడాను పాసంగం అంటారు. దాన్ని సరిచేయకుండా తూచితే, రాళ్ళు ఎంత నిఖార్సైనవైనా తూకం తప్పుతుంది. అందుకే మంచి వ్యాపారి ముందు ఖాళీ తక్కెడ చూపించి, ఆ తరువాతే సరుకు వేస్తాడు.

ఈ పాఠంలో మనం ఒక చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడను కడతాం. దాని పాసంగం ఎంతో కొలుస్తాం, సరిచేస్తాం. ఆ తరువాత దానితో మన గదిలోని వేడిని కొలుస్తాం. ఆరో తరగతి దాటిన పిల్లలు ఎవరైనా ఒక పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని, రెండు శనివారాల్లో ఇదంతా చేయవచ్చు.

1. ఆప్‌ఆంప్ అంటే ఏమిటి?

ఆప్‌ఆంప్ అనేది ఆపరేషనల్ ఆంప్లిఫయరుకు ముద్దుపేరు. ఆంప్లిఫయరు అంటే చిన్న సంకేతాన్ని పెద్దది చేసేది. తెలుగు పుస్తకాలలో దీన్ని వర్ధకం అంటారు. మరి "ఆపరేషనల్" ఎందుకు? ఇక్కడ ఆపరేషన్లంటే ఆసుపత్రిలో చేసేవి కావు. కూడిక, తీసివేత వంటి గణిత ప్రక్రియలు. అంకెలతో కాక వోల్టేజిలతో లెక్కలు చేసే పాతకాలపు యంత్రాలలో వీటిని వాడేవారు. 1947లో జాన్ రాగజినీ, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన పత్రంతో ఈ పేరు వాడుకలోకి వచ్చింది. అప్పట్లో ఇవి గాజు వాక్యూమ్ ట్యూబులతో తయారయ్యేవి. 1968లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో డేవ్ ఫుల్లగర్ రూపొందించిన 741 అనే చిప్పు వచ్చాక, వేలి గోరంత జాగాలో పూర్తి ఆంప్లిఫయరు పట్టేసింది. అది ఇప్పటికీ దొరుకుతుంది. ఖరీదూ చాలా తక్కువ.

మీ అమ్మానాన్నల్లో ఎవరైనా మన వైపు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు చదివి ఉంటే, 741 పేరు చెప్పి చూడండి. కాలేజీ ల్యాబు, గాయక్వాడ్ రాసిన పాఠ్యపుస్తకం, హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో విడిభాగాల కోసం తిరిగిన సాయంత్రాలు, ఇవన్నీ వరసగా బయటికి వస్తాయి.

2. రెండు పళ్ళాలు, ఒక ముల్లు

ఈ చిప్పులో మనకు ముఖ్యమైన కాళ్ళు మూడు. రెండు లోపలికి, ఒకటి బయటికి. లోపలికి వెళ్ళే రెండింటినీ తక్కెడ పళ్ళాలనుకోండి. ఒకదాని పేరు ప్లస్, రెండోదాని పేరు మైనస్. బయటికి వచ్చే కాలు తక్కెడ ముల్లు. ప్లస్ వైపు వోల్టేజి ఎక్కువైతే ముల్లు పైకి పోతుంది, మైనస్ వైపు ఎక్కువైతే కిందికి పోతుంది.

ఈ తక్కెడకు చురుకు మరీ ఎక్కువ. 741 తన రెండు పళ్ళాల మధ్య తేడాను సుమారు 2 లక్షల రెట్లు పెంచుతుంది. వోల్టులో వెయ్యోవంతు తేడా ఉన్నా చాలు, ముల్లు ఒక కొసకు పోయి అంటుకుపోతుంది. ఇంత చురుకైన తక్కెడతో ఏం తూచగలం?

ఈ చిక్కుకు దారి చూపినవాడు హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజనీరు. ఆయన బెల్ ల్యాబ్స్‌లో దూరప్రాంతపు టెలిఫోను ఆంప్లిఫయర్ల మీద పనిచేసేవాడు. 1927 ఆగస్టులో ఒక ఉదయం న్యూయార్కులో హడ్సన్ నది దాటే పడవలో ఆఫీసుకు వెళ్తుండగా ఆయనకు ఒక ఆలోచన తట్టింది. చేతిలో ఉన్న వార్తాపత్రిక కాగితం మీదే దాన్ని రాసుకున్నాడు. బయటికి వచ్చిన దానిలో కొంత భాగాన్ని వెనక్కు తెచ్చి, లోపలికి ఎదురుగా పెట్టాలన్నదే ఆ ఆలోచన. దానికి పేటెంటు 1937లో వచ్చింది. దీన్నే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు.

ఇది మనకు వంటింట్లో తెలిసిన సంగతే. పాలు పొంగడం చూసి అమ్మ మంట తగ్గిస్తుంది. పొంగు అణగగానే మళ్ళీ కొంచెం పెంచుతుంది. ఫలితాన్ని చూసి, దానికి ఎదురుగా సవరించడమే నెగటివ్ ఫీడ్‌బ్యాక్. దీనికి తిరుగుబాటయినది కూడా మీకు తెలుసు. మన ఉగాది కార్యక్రమంలో మైకును స్పీకరు ముందు పెడితే చెవులు చిల్లులు పడేలా కూత వస్తుందే, అది పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. అక్కడ ఎదురు సవరణ లేదు. వచ్చినదానికి వచ్చినది తోడవుతూనే ఉంటుంది.

ఆప్‌ఆంప్ బయటి కాలు నుంచి మైనస్ పళ్ళానికి దారి వేస్తే, అది రెండు పళ్ళాలనూ సమానంగా ఉంచడానికి తన ముల్లును తానే కదుపుకుంటుంది. కనుక రెండు సూత్రాలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది: ఫీడ్‌బ్యాక్ ఉన్నప్పుడు ప్లస్, మైనస్ కాళ్ళ వోల్టేజిలు సమానం.
రెండవది: ఆ రెండు కాళ్ళూ లోపలికి కరెంటు దాదాపు తీసుకోవు.

కాగితం మీద డిజైను చేయడానికి ఈ రెండు చాలు. ఇవి ఎంతవరకు నిజమో కొలత చెప్పాలి.

3. కావలసిన సామాను

741 చిప్పు ఒకటి, బ్రెడ్‌బోర్డు, 9 వోల్టుల బ్యాటరీలు రెండు, వాటి క్లిప్పులు, 10 కిలో ఓముల రెసిస్టర్లు పన్నెండు, 100 కిలో ఓములవి మూడు, 1 కిలో ఓముది ఒకటి, 10 కిలో ఓముల పొటెన్షియోమీటర్లు రెండు, ఎల్‌ఎం35 అనే వేడి కొలిచే చిప్పు ఒకటి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు ఒకటి, డిజిటల్ మల్టీమీటరు, కొన్ని జంపర్ వైర్లు.

జాగ్రత్త! ఈ పాఠంలో అన్నీ బ్యాటరీలతోనే. గోడ సాకెట్టు జోలికి పోవద్దు. వైర్లు మార్చేటప్పుడల్లా ముందు బ్యాటరీలు తీసేయండి.

4. సున్నా ఎక్కడ?

ఒక బ్యాటరీ ప్లస్‌ను రెండో బ్యాటరీ మైనస్‌తో కలపండి. ఆ కలిసిన చోటే మన సున్నా, అంటే గ్రౌండు. అక్కడి నుంచి చూస్తే ఒక కొస ప్లస్ 9 వోల్టులు, రెండో కొస మైనస్ 9 వోల్టులు. చిప్పు పెట్టకముందే మీటరు నల్ల తీగను సున్నా దగ్గర ఉంచి రెండు కొసలూ కొలవండి. ఒకటి ప్లస్, ఒకటి మైనస్ చూపాలి. కొత్త బ్యాటరీలైతే 9 కంటే కొంచెం ఎక్కువే చూపవచ్చు.

ఇప్పుడు చిప్పును దాని గాటు మీ ఎడమవైపు ఉండేలా పెట్టండి. కింది వరసలో ఎడమ నుంచి 1, 2, 3, 4 కాళ్ళు. పై వరసలో కుడి నుంచి ఎడమకు 5, 6, 7, 8. వీటిలో 2 మైనస్ పళ్ళెం, 3 ప్లస్ పళ్ళెం, 6 ముల్లు. 7వ కాలుకు ప్లస్ 9, 4వ కాలుకు మైనస్ 9 ఇవ్వాలి. ఈ రెండూ తారుమారైతే చిప్పు కాలిపోతుంది. కనుక పక్కన ఉన్న పెద్దవారి చేత ఒకసారి సరిచూపించండి.

5. మొదటి సర్క్యూట్: వంత పాడేది

రెండు 100 కిలో ఓముల రెసిస్టర్లను వరసగా ప్లస్ 9కీ సున్నాకీ మధ్య పెట్టండి. మధ్య బిందువు దగ్గర సగం, అంటే 4.5 వోల్టులు రావాలి. మీటరు 4.48 చూపితే కంగారుపడకండి. మామూలు డిజిటల్ మీటరు నిరోధం 10 మెగా ఓములు. కొలవడానికి అది కూడా ఆ బిందువు నుంచి కొంచెం కరెంటు తాగుతుంది.

ఇప్పుడు మధ్య బిందువు నుంచి సున్నాకు 1 కిలో ఓము రెసిస్టరు పెట్టి మళ్ళీ కొలవండి. 4.5 కాస్తా 0.09 వోల్టుకు పడిపోతుంది! పెద్ద నిరోధాల గుండా వచ్చే ఆ కొద్దిపాటి కరెంటు ఈ బరువును మోయలేదు.

ఆ 1 కిలో ఓమును తీసేయండి. మధ్య బిందువును 3వ కాలుకు కలపండి. 6వ కాలును ఒక వైరుతో నేరుగా 2వ కాలుకు కలపండి. ఇప్పుడు 1 కిలో ఓమును 6వ కాలుకూ సున్నాకూ మధ్య పెట్టి కొలవండి. మళ్ళీ 4.5 వోల్టులు దాదాపు చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. బుర్రకథలో వంతలు కథకుడి మాటనే అందుకుని బలంగా పలికినట్టు, ఈ సర్క్యూట్ అదే వోల్టేజిని బలంతో తిరిగి చెబుతుంది. బరువు మోసే కరెంటు బ్యాటరీ నుంచి చిప్పు ద్వారా వస్తోంది. దీని పేరు ఫాలోయర్.

6. రెండవ సర్క్యూట్: పది మెట్ల నిచ్చెన

ఇప్పుడు పది రెట్లు పెంచే సర్క్యూట్ డిజైను చేద్దాం. 10 కిలో ఓముల రెసిస్టర్లు పది తీసుకుని వరసగా నిచ్చెనలా కలపండి. నిచ్చెన అడుగు సున్నా మీద, తల 6వ కాలు మీద ఉండాలి. అడుగు నుంచి మొదటి మెట్టును, అంటే మొదటి రెసిస్టరు పైకొసను, 2వ కాలుకు కలపండి.

మెట్లన్నీ సమానం కనుక మొదటి మెట్టు ఎత్తు మొత్తం ఎత్తులో పదోవంతు. 3వ కాలుకు 0.2 వోల్టు ఇస్తే, మొదటి సూత్రం ప్రకారం 2వ కాలు కూడా 0.2 వోల్టు దగ్గర ఉండాలి. మొదటి మెట్టు 0.2 దగ్గర ఉండాలంటే నిచ్చెన తల 2 వోల్టుల దగ్గర ఉండక తప్పదు. ఇంతే లెక్క! చిప్పు లోపల 2 లక్షల రెట్లున్నా, బయట వచ్చేది మన నిచ్చెన నిర్ణయించిన పది రెట్లే.

అయితే మెట్లు నిజంగా సమానమేనా? బంగారు రంగు పట్టీ ఉన్న రెసిస్టరు తన విలువకు 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. కింది రెసిస్టరు ఒక వైపుకు, పై తొమ్మిదీ మరో వైపుకు తప్పితే, పది రెట్లు కావలసినది 9.14 కావచ్చు, 10.95 కావచ్చు. కనుక పెట్టేముందు ఒక్కొక్కటీ మీటరుతో కొలిచి, నోటుబుక్కులో రాసుకోండి. పై తొమ్మిదింటి మొత్తాన్ని కింది దానితో భాగించి, 1 కలపండి. వచ్చేదే మీ సర్క్యూట్ అసలు రెట్లు.

7. పరీక్ష: పాసంగమా, రాళ్ళ తప్పా?

3వ కాలుకు వేర్వేరు వోల్టేజిలు ఇవ్వడానికి ఒక పొటెన్షియోమీటరు వాడదాం. దాని ఒక చివర సున్నాకు, రెండో చివర ఒక 100 కిలో ఓముల రెసిస్టరు గుండా ప్లస్ 9కి, నడిమి కాలు 3వ కాలుకు కలపండి. తిప్పితే 0 నుంచి 0.8 వోల్టు దాకా వస్తుంది. ప్రతిసారీ 3వ కాలు దగ్గరా, 6వ కాలు దగ్గరా రెండు చోట్లా కొలిచి పట్టిక రాయండి. మూడు కొలతలైనా ఉండాలి. ఒక్క కొలతతో తప్పు ఉందని తెలుస్తుంది గానీ, అది ఎక్కడుందో తెలియదు.

ఉదాహరణకు, రాము పట్టికలో 0.1కి 1.02, 0.2కి 2.02, 0.5కి 5.02 వచ్చాయనుకోండి. సీత పట్టికలో 0.1కి 1.01, 0.2కి 2.02, 0.5కి 5.05 వచ్చాయనుకోండి. 0.2 దగ్గర ఇద్దరివీ ఒక్కటే! కానీ వారి తప్పులు వేరు.

రాముకు ప్రతిచోటా అదే 0.02 ఎక్కువ. ఇది పాసంగం. చిప్పు లోపలి రెండు పళ్ళాలూ తయారీలోనే అతి కొద్దిగా తేడాగా ఉంటాయి. దీన్ని ఆఫ్‌సెట్ అంటారు. రాము చిప్పులో అది 2 మిల్లీవోల్టులు. బయటికి పది రెట్లై 20 మిల్లీవోల్టులుగా కనిపించింది. సీతకు తప్పు వోల్టేజితో పాటు పెరుగుతోంది. ఇది రాళ్ళ తప్పు, అంటే నిచ్చెన మెట్లు సమానంగా లేవు. సీత రెసిస్టర్లు మార్చాలి. రాము రెసిస్టర్లు ఎన్ని మార్చినా ప్రయోజనం లేదు.

పాసంగాన్ని విడిగా చూడాలంటే ఖాళీ తక్కెడ చూసినట్టే చూడాలి. 3వ కాలును సున్నాకు కలిపి 6వ కాలు కొలవండి. సున్నా రాకపోతే అదే పాసంగం. దాన్ని సరిచేయడానికి 741కి 1, 5 కాళ్ళు ఇచ్చారు. రెండో పొటెన్షియోమీటరు రెండు చివర్లను 1, 5 కాళ్ళకు, నడిమి కాలును 4వ కాలుకు కలిపి, 6వ కాలు దగ్గర సున్నా వచ్చేవరకు మెల్లగా తిప్పండి.

ఇంకో పరీక్ష. ఇప్పుడు 3వ కాలుకు పెన్సిల్ సెల్లు 1.5 వోల్టులు ఇవ్వండి. లెక్క ప్రకారం 15 రావాలి. రాదు. సుమారు 8 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. మన దగ్గరున్నది 9 వోల్టుల బ్యాటరీ, చిప్పు అందులోనూ కొంత తనకు ఉంచుకుంటుంది. అదే సమయంలో 2, 3 కాళ్ళ మధ్య కొలిస్తే 0.7 వోల్టు తేడా కనిపిస్తుంది. మొదటి సూత్రం ఇక్కడ చెల్లలేదన్నమాట. ఏ ఆప్‌ఆంప్ సర్క్యూట్ మొండికేసినా ముందు 2, 3 కాళ్ళ మధ్య తేడా కొలవండి. కొన్ని మిల్లీవోల్టులే ఉంటే తక్కెడ పనిచేస్తోంది. ఎక్కువుంటే ముల్లు కొసకు అంటుకుంది, లేదా వైరు ఎక్కడో తప్పింది.

8. గదిలో వేడి ఎంత?

ఎల్‌ఎం35 చిప్పు ఒక్కో సెల్సియస్ డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. చదును ముఖం మీవైపు, కాళ్ళు కిందికి ఉంచితే, ఎడమది ప్లస్ 9కి, నడిమిది మన 3వ కాలుకు, కుడిది సున్నాకు కలపాలి. ముందు పెట్టిన పొటెన్షియోమీటరును 3వ కాలు నుంచి తీసేయడం మరచిపోకండి. గది 25 డిగ్రీలుంటే చిప్పు 0.25 వోల్టు ఇస్తుంది, మన నిచ్చెన దాన్ని 2.5 వోల్టులు చేస్తుంది. మీటరు మీది అంకెను పదితో గుణిస్తే సెల్సియస్ డిగ్రీలు. 1.8తో గుణించి 32 కలిపితే ఫారెన్‌హీట్. మీ ఇంటి థర్మోస్టాట్ 72 చూపుతుంటే మీటరు సుమారు 2.22 చూపాలి. చిప్పును రెండు వేళ్ళతో పట్టుకోండి, అంకె మెల్లగా పైకి పాకుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. మామూలు రకం 741లో పాసంగం 6 మిల్లీవోల్టుల దాకా ఉండవచ్చని తయారీదారులే చెబుతారు. ఎల్‌ఎం35 లెక్కలో 6 మిల్లీవోల్టులంటే 0.6 సెల్సియస్ డిగ్రీ, అంటే దాదాపు 1 ఫారెన్‌హీట్ డిగ్రీ. ఒంటి వేడి కొలిచే పరికరంలో ఇంత తప్పు మిగిలిపోతే, 98.6 ఉన్న పసిపాప 99.7 ఉన్నట్టు కనిపిస్తుంది. జ్వరం లేని పాపకు మందు పోస్తాం. పాసంగం అటువైపు ఉంటే, జ్వరం ఉన్న పాపకు పోయకుండా ఊరుకుంటాం. మన సర్క్యూట్ గదికే గానీ జ్వరానికి వాడకూడదు. కానీ ఆసుపత్రి పరికరాల లోపల కూడా ఇలాంటి ఆంప్లిఫయర్లే ఉంటాయి. ఈసీజీ యంత్రం గుండె నుంచి చర్మం మీదికి వచ్చే సుమారు 1 మిల్లీవోల్టు సంకేతాన్ని పెంచి చూపిస్తుంది. అందుకే అలాంటి చోట్ల పాసంగం మరెంతో తక్కువ ఉన్న చిప్పులు ఎంచుకుంటారు, ప్రతి పరికరాన్నీ పరీక్షించాకే బయటికి పంపుతారు. సర్క్యూట్ వెలగడం వేరు, నిజం చెప్పడం వేరు. రెండోది కొలిస్తేనే తెలుస్తుంది.

9. మూడవ సర్క్యూట్: ఏతాం

బావి దగ్గర ఏతాం ఒక కొస దిగితే రెండో కొస లేస్తుంది. అలాంటిదే ఇన్వర్టింగ్ ఆంప్లిఫయరు. 3వ కాలును సున్నాకు కలపండి. లోపలికి ఇచ్చే వోల్టేజిని 10 కిలో ఓముల గుండా 2వ కాలుకు తెండి. 6వ కాలు నుంచి 2వ కాలుకు 100 కిలో ఓములు పెట్టండి. ఇప్పుడు 2వ కాలు సున్నా దగ్గరే నిలబడుతుంది, అదే ఏతాం ఇరుసు. 0.2 వోల్టు ఇస్తే 10 కిలో ఓముల గుండా 20 మైక్రో ఆంపియర్ల కరెంటు వస్తుంది. రెండవ సూత్రం ప్రకారం అది చిప్పులోకి పోదు, కనుక అంతా 100 కిలో ఓముల గుండా పోవాలి. అక్కడ 2 వోల్టులు పడుతుంది. 6వ కాలు మైనస్ 2 వోల్టులు చూపుతుంది. పొడవు చేయి, పొట్టి చేయి నిష్పత్తే ఇక్కడ రెసిస్టర్ల నిష్పత్తి.

10. అభ్యాసాలు

అ. ఐదు రెట్లు పెంచే నిచ్చెనకు 10 కిలో ఓముల రెసిస్టర్లు ఎన్ని కావాలి?
ఆ. గీత పట్టికలో 0.1కి 0.98, 0.2కి 1.98, 0.4కి 3.98 వచ్చాయి. ఇది పాసంగమా, రాళ్ళ తప్పా?
ఇ. ఎల్‌ఎం34 అనే చిప్పు ఒక్కో ఫారెన్‌హీట్ డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. దానికి మన పది మెట్ల నిచ్చెన పనికివస్తుందా?
ఈ. ఏతాం సర్క్యూట్‌లో 100 బదులు 47 కిలో ఓములు పెట్టి 0.3 వోల్టు ఇస్తే 6వ కాలు ఎంత చూపాలి?

జవాబులు: అ. ఐదు. ఆ. పాసంగం, ఈసారి కిందివైపు 2 మిల్లీవోల్టులు. ఇ. రాదు. 77 డిగ్రీల దగ్గరే 7.7 వోల్టులై ముల్లు కొస దగ్గరికి చేరుతుంది. 100 డిగ్రీలకు 10 వోల్టులు కావాలి, మన బ్యాటరీకి అది సాధ్యం కాదు. ఐదు మెట్ల నిచ్చెనైతే 100 డిగ్రీలకు 5 వోల్టులు. ఈ. మైనస్ 1.41 వోల్టులు.

తల్లిదండ్రులకు ఒక మాట

మన పిల్లలు తెలుగులో పండుగల గురించి, పిండివంటల గురించి మాట్లాడగలుగుతున్నారు. సంతోషం. కానీ "ఎందుకు ఇలా వచ్చింది?" అని తల గోక్కునే చోట మాత్రం ఇంగ్లీషులోకి దాటిపోతున్నారు. వోల్టు, రెసిస్టరు, చిప్పు అన్న మాటలు అలాగే ఉండనివ్వండి, వాటితో చిక్కేమీ లేదు. వాటి చుట్టూ ఉండే ఆలోచన, అంటే ఎక్కువా తక్కువా, ఎందుకని, అయితే గనుక, మళ్ళీ కొలిచి చూడు అనేవి తెలుగులో నడవనివ్వండి. మీటరు పిల్లల చేతికే ఇవ్వండి. జవాబు మీకు తెలిసినా చెప్పకుండా, "ఖాళీ తక్కెడ చూశావా?" అని మాత్రం అడగండి.